మార్కులు సరే... ఆలోచనకు పరీక్షేదీ?

'విమర్శనాత్మక ఆలోచన అనగానేమి? దాని లక్షణాలు వ్రాయుము'... ఈ ప్రశ్నకు పదికి పది మార్కులు రావాలంటే ఆలోచించక్కర్లేదు. గైడు బట్టీ పడితే చాలు! మరి డిగ్రీ చదివే కుర్రాడు నిజంగా ఆలోచిస్తున్నాడో లేదో తెలిసేదెలా?

అమెరికా కాలేజీల్లో 2000 దశకంలో మొదలైన 'కాలేజియేట్ లెర్నింగ్ అసెస్‌మెంట్' ఓ దారి చూపించింది. దీనికి సిలబస్ లేదు. ఒక సమస్యనూ దానికి సంబంధించిన కొన్ని కాగితాలనూ చేతికిస్తారు. వాటిలో అన్నీ ఒకే మాట చెప్పవు. దేన్ని నమ్మాలో, ఎందుకో, చివరికి ఏం చేయాలో విద్యార్థే రాయాలి.

అదే పరీక్ష జంగారెడ్డిగూడెంలో పెడితే? 'అయిదెకరాల రైతు పొగాకు మాని పామాయిల్ వేయొచ్చా?' అని అడగొచ్చు. వేలం కేంద్రంలో పలికిన పొగాకు ధరలు, పెదవేగి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ సూచనలు, మొక్కలమ్మేవాళ్ల కరపత్రం, 'నాకు బాగా మిగిలింది' అన్న పక్కూరి రైతు మాట... ఇవీ కాగితాలు.

ఒక్కరి అనుభవాన్నే అందరికీ అంటగడితే మార్కులు పోతాయి. కరపత్రం ఎవరు వేశారని అనుమానిస్తే వస్తాయి. పొగాకు ఒక్క సీజన్ పంట. పామాయిల్ కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, తోట పాతికేళ్లుంటుంది. అందాకా ఇల్లు గడిచేదెలా, బోరులో నీళ్లున్నాయా అని అడిగినవాళ్లకు ఇంకొన్ని మార్కులు. 'వేయొచ్చు' అన్నా 'వద్దు' అన్నా ఫర్వాలేదు, చూసేది కారణాన్నే! కాలేజీలో చేరినప్పుడోసారి, వెళ్లేటప్పుడోసారి ఇలా పరీక్షిస్తే చదువు ఏం నేర్పిందో తేలిపోతుంది.

తేలితే బాధపడాల్సి వస్తుందేమో కూడా. మన దేశంతోపాటు చైనా, రష్యా, అమెరికాల్లో వేలాది కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రికల్ విద్యార్థులను పరీక్షించిన అధ్యయనం 2021లో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్' పత్రికలో వచ్చింది. మనవాళ్లు మొదటి రెండేళ్లలో సబ్జెక్టుల్లో మెరుగుపడ్డారు. విమర్శనాత్మక ఆలోచనలో మాత్రం నాలుగేళ్లయినా ఎదుగుదల లేదు.

దిద్దడం కష్టమే. ఒకే జవాబుకు ఇద్దరు లెక్చరర్లు రెండు రకాలుగా మార్కులేయకుండా కొలతలు ముందే రాసుకోవాలి. అయినా సెమిస్టరుకు ఒక్క ప్రశ్నతోనైనా మొదలుపెట్టొచ్చు కదా! ఎందుకంటే, 'ఈ ఏడు ఏం వేద్దాంరా?' అని నాన్న అడిగే రోజు వస్తుంది. ఆ ప్రశ్నకు గైడు దొరకదు!