పాల నాణ్యత: చట్టం వాడే మాటలు



2012 జనవరిలో మన దేశంలో పాల గురించి ఒక అంకె బాగా ప్రచారంలోకి వచ్చింది. అది 68.4 శాతం. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, అంటే మనం ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అని పిలుచుకునే సంస్థ, 2011లో 33 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల నుంచి 1791 పాల నమూనాలు తెప్పించి పరీక్ష చేయించింది. వాటిలో 1226 నమూనాలు ప్రమాణాలకు నిలవలేదు. దేశంలో మూడు గ్లాసుల పాలలో రెండు గ్లాసులు కల్తీవేనని జనం చెప్పుకున్నారు. ఆ నివేదికలోనే మరో విశేషం ఉంది. పుదుచ్చేరి, గోవాల నుంచి తీసిన నమూనాలు ఒక్కటి కూడా తప్పకుండా అన్నీ ప్రమాణాలకు నిలిచాయి.

యానాం నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి పుదుచ్చేరి పట్టణానికి చదువుకు వచ్చిన మీలో చాలామంది రోజూ ఉదయం పాన్‌లే పాలతో కాచిన కాఫీయే తాగుతారు. పుదుచ్చేరి సహకార పాల ఉత్పత్తిదారుల సంఘం తన పాలకు పెట్టుకున్న పేరు అది. ఫ్రెంచి భాషలో 'లే' అంటే పాలు. మరి నూటికి నూరు వచ్చిన ఊరు కదా, ఇక్కడి పాల గురించి ఆలోచించవలసిన పని లేదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు కొన్ని మాటలకు అర్థం తెలియాలి.

ఆ నివేదిక వాడిన మాట 'నాన్ కన్‌ఫర్మింగ్'. అంటే ప్రమాణానికి సరిపోలనిది అని మాత్రమే. సరిపోలకపోవడానికి కారణాలు రకరకాలు. ఆ 1226 నమూనాలలో 574 నమూనాలలో కనబడిన లోపం వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. తగ్గడం. 548 నమూనాలలో పాలపొడి ఆనవాళ్ళు కనిపించాయి. బట్టల సబ్బు వంటి డిటర్జెంటు కనిపించినవి 103. నీళ్ళు కలిసిన పాలూ, డిటర్జెంటు కలిసిన పాలూ ఒకే అంకెలో చేరిపోయాయి. మొదటిది తాగితే మీ డబ్బు పోతుంది (ఆ నీళ్ళు మురికివైతే ఆరోగ్యమూ పోతుంది, అది వేరే మాట). రెండవది తాగితే కడుపుకే చేటు.

ఎస్.ఎన్.ఎఫ్. అంటే ఏమిటి? పాలలోంచి నీటిని, వెన్నను తీసివేస్తే మిగిలేవి మాంసకృత్తులు, పాల చక్కెర, లవణాలు. వీటన్నిటినీ కలిపి వెన్నేతర ఘనపదార్థాలు అంటారు. పాల కేంద్రంలో పోసే రైతుకు ధర కట్టేది వెన్న శాతాన్ని, ఈ ఎస్.ఎన్.ఎఫ్.నూ చూసే. ప్యాకెట్ మీద ఉండే 'టోన్డ్' అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థం కనీసం 3 శాతం వెన్న, 8.5 శాతం ఎస్.ఎన్.ఎఫ్. 'డబుల్ టోన్డ్' పాలలో వెన్న 1.5, ఎస్.ఎన్.ఎఫ్. 9 ఉండాలి. 'స్టాండర్డైజ్డ్' అంటే 4.5, 8.5. 'ఫుల్ క్రీమ్' అంటే 6, 9. ఇవి వ్యాపారులు తమకు తోచినట్లు పెట్టుకున్న పేర్లు కావు. 2.7 శాతం వెన్న ఉన్న పాలను టోన్డ్ పాలని అమ్మితే, అవి ఎంత శుభ్రంగా ఉన్నా, చట్టం దృష్టిలో తప్పే.

ఆ తప్పుకు ఏ పేరు పెట్టాలి అనే దగ్గరే అసలు కథ ఉంది. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టంలో దాదాపు అన్నిటికీ ఒకటే మాట, 'కల్తీ'. ఎస్.ఎన్.ఎఫ్. కొద్దిగా తగ్గినా కల్తీయే, విషపదార్థం కలిపినా కల్తీయే. 1976 సవరణ తరువాత సాధారణంగా ఆరు నెలలకు తగ్గని జైలుశిక్ష కూడా దానికి తోడయింది. సైకిలు మీద పాలు పోసే మనిషి, తన క్యానులోని పాలలో ఎస్.ఎన్.ఎఫ్. అర శాతం తగ్గిందన్న నివేదికతో ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చేది. ఒక్క మాట అన్నిటినీ మోస్తే న్యాయం సరిగ్గా తూగదు.

2006లో వచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఈ ఒక్క మాటను విడదీసింది. దాని కింద నిబంధనలు 2011 ఆగస్టు 5 నుంచి అమలులోకి వచ్చాయి. ఈ చట్టంలో 'సబ్‌స్టాండర్డ్' అంటే నిర్ణయించిన ప్రమాణానికి తగ్గినది, కానీ తాగినవారికి హాని చేసేంతగా చెడనిది. దీనికి జైలు లేదు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా. దానిని విధించేది కోర్టు కాదు, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి. 'మిస్‌బ్రాండెడ్' అంటే లేబులు అబద్ధం చెబుతున్నదని. ప్యాకెట్ లోపలి పాలు మంచివే కావచ్చు, పైన రాసిన మాటే తప్పు. దీనికి 3 లక్షల వరకు జరిమానా. 'అన్‌సేఫ్', అంటే సురక్షితం కానిది, అన్నిటిలోకీ బరువైన మాట. ఈ మాట పడితే వ్యవహారం క్రిమినల్ కోర్టుకు వెళుతుంది. ఆ ఆహారం వల్ల ప్రాణం పోతే ఏడేళ్ళకు తగ్గని జైలు, యావజ్జీవం వరకు కూడా.

కనుక పత్రికలో 'పాల నమూనా ఫెయిల్' అని చదివినప్పుడు మీరు వేయవలసిన మొదటి ప్రశ్న, ఏ మాట కింద ఫెయిల్ అయింది అని.

ఇంకొక జంట మాటలున్నాయి. 'అడల్టరెంట్', 'కంటామినెంట్'. మొదటిది కల్తీ పదార్థం. ఎస్.ఎన్.ఎఫ్. ఎక్కువ చూపడానికి వేసే యూరియా, పులుపు దాచడానికి వేసే సోడా, పాలు విరగకుండా పోసే హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి. దాని వెనుక సాధారణంగా ఒక మనిషి చెయ్యి ఉంటుంది. రెండవది కాలుష్యకం. దానిని ఎవరూ కావాలని కలపనక్కరలేదు, ఉత్పత్తిలోనో రవాణాలోనో వచ్చి చేరుతుంది. దీనికి మంచి ఉదాహరణ అఫ్లాటాక్సిన్ ఎమ్1. తేమ తగిలిన వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క మీద బూజు పడుతుంది. ఆ బూజు అఫ్లాటాక్సిన్ బి1 అనే విషాన్ని తయారు చేస్తుంది. పశువు ఆ చెక్కను తింటే, దాని కాలేయం బి1ను ఎమ్1గా మార్చి పాలలోకి వదులుతుంది. రైతు ఏ తప్పూ చేయలేదు, పాలు చూడడానికి తెల్లగానే ఉంటాయి, రుచీ మారదు. కాచినా, పాశ్చరైజ్ చేసినా ఆ విషం పోదు. కిలో పాలలో 0.5 మైక్రోగ్రాము దాటకూడదని మన ప్రమాణం.

2018లో ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. మళ్ళీ సర్వే చేసింది. ఈసారి 1103 పట్టణాల నుంచి 6432 నమూనాలు. ఫలితం చూడండి. కల్తీ పదార్థం దొరికినవి 12 మాత్రమే. (వాటిలో 9 మన తెలంగాణవే కావడం మనం గమనించవలసిన సంగతి.) అఫ్లాటాక్సిన్ ఎమ్1 పరిమితి దాటినవి 368. పశువులకు వాడిన యాంటీబయాటిక్ మందుల అవశేషాలు పరిమితి దాటినవి 77. మొత్తం మీద సుమారు 93 శాతం పాలు తాగడానికి సురక్షితమే అని తేలింది, కానీ 41 శాతం నమూనాలు ఏదో ఒక నాణ్యతా ప్రమాణానికి తగ్గాయి. 'సురక్షితం', 'నాణ్యమైనది' అనే మాటలు వేరని ఇంతకంటే స్పష్టంగా ఏ పాఠమూ చెప్పదు. అఫ్లాటాక్సిన్ సమస్య పచ్చిపాలలో కంటే శుద్ధి చేసిన పాలలోనే ఎక్కువగా కనబడడం మరో విశేషం. ప్యాకెట్ పాలకు అలవాటు పడిన మనం ఊహించేది దీనికి సరిగ్గా ఎదురు.

ఇప్పుడు పుదుచ్చేరి నూటికి నూరుకు తిరిగి వద్దాం. 2011 సర్వే వెతికింది నీళ్ళు, యూరియా, స్టార్చి, డిటర్జెంటు వంటి కల్తీ పదార్థాల కోసం. అఫ్లాటాక్సిన్‌ను, యాంటీబయాటిక్‌లను అది వెతకలేదు. పైగా 1791 నమూనాలను 33 ప్రాంతాలకు పంచితే సగటున ఒక్కో చోటికి 54 వస్తాయి. పుదుచ్చేరి ఫలితం మెచ్చుకోదగినదే, అందులో సందేహం లేదు. అయితే అది ఆనాటి ఆ నమూనాలకు, ఆ పరీక్షలకు వచ్చిన మార్కు. ప్రతి రోజు ప్రతి ప్యాకెట్‌కూ ఇచ్చిన హామీ కాదు.

రోజువారీ హామీ డెయిరీ లోపల తయారవుతుంది. పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు గానీ, 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు గానీ ఉంచి వెంటనే చల్లార్చడమే పాశ్చరైజేషన్. అది సరిగ్గా జరిగిందా అని తెలుసుకునేందుకు ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును వెతుకుతారు. పచ్చిపాలలో సహజంగా ఉండే ఈ ఎంజైము క్షయ క్రిమి కంటే కొంచెం ఎక్కువ వేడికి గానీ నశించదు. అది నశించిందంటే క్రిమి కూడా నశించినట్లే. పాశ్చరైజర్‌లో ఒక మళ్ళింపు వాల్వు ఉంటుంది. వేడి చాలకపోతే అది పాలను ముందుకు పోనివ్వక వెనక్కు పంపుతుంది. తప్పు జరిగితే తరువాత ఏ దశలోనూ దిద్దుకోలేని ఇలాంటి చోటును 'కీలక నియంత్రణ స్థానం' అంటారు. హాసప్ అనే పద్ధతి మొత్తం ఇటువంటి చోట్లను ముందుగా గుర్తించి, కొలిచి, రాసి పెట్టడం మీదే నిలబడింది.

రేపు పాల ప్యాకెట్ చేతికి వచ్చినప్పుడు రెండు నిమిషాలు చదవండి. 14 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. అది 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారికి ఇచ్చే రిజిస్ట్రేషన్. బ్యాచి సంఖ్య దేనికంటే, ఏదైనా తేడా వస్తే ఆ రోజు ఆ యంత్రం మీద నింపిన ప్యాకెట్లను మాత్రం వెనక్కు రప్పించడానికి.

అనుమానం వస్తే ఏం చేయాలి? అధికారి నమూనా తీసినప్పుడు దానిని నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్టుకు వెళుతుంది, ఆయన 14 రోజులలో నివేదిక ఇవ్వాలి. ఆ భాగాలు చెడకుండా పాలలో ఫార్మలిన్ కలుపుతారు. అమ్మే పాలలో నిషిద్ధమైనది నమూనా సీసాలో తప్పనిసరి! అధికారి వచ్చేదాకా ఆగవలసిన పని కూడా లేదు. చట్టంలోని 40వ సెక్షను కింద కొనుగోలుదారుడే రుసుము కట్టి తాను కొన్న పాలను ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. అలా చేయించబోతున్నానని కొనే సమయంలోనే అమ్మేవారికి చెప్పాలి. పాలు చట్టానికి విరుద్ధమని తేలితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. నివేదిక చేతికి వచ్చాక అందులో ఏ మాట రాశారో చూడండి: సబ్‌స్టాండర్డా, మిస్‌బ్రాండెడా, అన్‌సేఫా.