లింకులును సత్యసాక్ష్యమును

నేడు దుకాణములవారును, సంఘములును, పాఠశాలలును తమ సంగతులను లోకమునకు దెలుపుటకై వెబ్‌సైటులను పెట్టుచున్నారు. పెట్టినంతమాత్రమున జనులు వచ్చి చూడరు. ఎవడైన నొక మాట వ్రాసి వెదకినప్పుడు సెర్చి ఇంజను కోట్లకొలది పుటలలోనుండి కొన్నిటిని ఏరి వరుసగా జూపును. మొదట గనబడినవానినే జనులు తెరచెదరు, దిగువనున్నవానిని చూచువారరుదు. గావున ఆ వరుసలో మీదికి బోవలెనని యజమానులెల్లరు కోరుట సహజము. ఆ కోరికను ధర్మమార్గమున నెట్లు తీర్చుకొనవలయునో యీ వ్యాసమున వివరింతును.

ఒక పుటలోని మాటను తాకగానే మరియొక పుట తెరచుకొనినయెడల ఆ దారికి లింకు అని పేరు. 1998వ సంవత్సరమున గూగుల్‌ను స్థాపించిన లారీ పేజ్, సెర్గే బ్రిన్ అను నిరువురు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచు, లింకులను బట్టి పుటల విలువ కట్టు పద్ధతిని కనుగొనిరి. పెక్కుమంది పండితులు ఉదాహరించిన గ్రంథమును మనము గౌరవింతుము గదా; అట్లే పెక్కు పుటలు లింకు నిచ్చిన పుట విలువగలదనియు, విలువగల పుట యిచ్చిన లింకునకు బరువు మరింత యెక్కువయనియు వారి భావము. నేడు గూగుల్ ఇతర గుర్తులను అనేకము చూచుచున్నను, లింకులను విడిచిపెట్టలేదు.

కాబట్టి లింకు ఒక సాక్ష్యము. ఈ పుట చదువదగినదని ఒకడు తన పేరుమీద నిచ్చు మాట. ధనమిచ్చి కొనిన సాక్ష్యము న్యాయస్థానమున నెట్టిదో, ధనమిచ్చి కొనిన లింకును అట్టిదే. పది యాజ్ఞలలో అబద్ధసాక్ష్యమును నిషేధించు నాజ్ఞ కలదని మన బాలబాలికలెరుగుదురు. లింకులను కొనుట, అమ్ముట, మూకుమ్మడిగా మార్చుకొనుట, ఎవరును చదువని వెబ్‌సైటులను సృష్టించి వానినుండి తమకే లింకులు పెట్టుకొనుట, ఇవన్నియు ఆ కోవలోనివే. వీనివలన నిజాయితీగల చిన్న వర్తకుడు క్రిందికి ద్రోయబడును. వ్యాధికి మందు వెదకు నిరుపేద మోసగాని పుటలో బడును.

అమెరికాలో జె. సి. పెన్నీ అను పేరుపొందిన వర్తకశాల యుండెను. దుస్తులు మొదలు తివాచీల వరకు ఏది వెదకినను, కొన్ని నెలలపాటు ఆ శాలయే మొదట గనబడెను. సంబంధములేని వేలకొలది పుటలనుండి దానికి లింకులు పెట్టబడినవని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయలుపరచెను. గూగుల్ శిక్ష విధింపగా, ప్రయాణపు పెట్టెల వరుసలో మొదటనున్న శాల రెండు గంటలలో 71వ స్థానమునకు దిగెను. ఆ లింకులు తామెరుగమని శాలవారు చెప్పి, పని కుదుర్చుకొనిన సంస్థను తొలగించిరి. అయినను కీడు తప్పలేదు. 2012 జనవరిలో, ధనమిచ్చి వ్రాయించిన వ్రాతలో లింకు దొరలినందున గూగుల్ తన క్రోమ్ పుటనే 60 దినములకు తక్కువకాకుండ దించెను. ఆ యేడు ఏప్రిలులో పెంగ్విన్ అను పద్ధతిని ప్రవేశపెట్టి ఇట్టి లింకులుగల వెబ్‌సైటులను పెక్కింటిని క్రిందికి దించెను.

ప్రకటన యిచ్చుట తప్పు కాదు. ప్రకటనను సాక్ష్యముగా జూపుటయే తప్పు. ఇందులకై 2005లో నోఫాలో అను గుర్తును, 2019లో స్పాన్సర్డ్ అను గుర్తును ఏర్పరచిరి. సొమ్ము పుచ్చుకొని పెట్టిన లింకునకు ఈ గుర్తు తగిలించినచో యంత్రము సాధారణముగా దానిని సాక్ష్యముగా నెంచదు. చదువరికిని ఆ సంగతి మాటలలో దెలుపవలెను.

ఇక లింకులు సంపాదించు మార్గమేమి? పనికివచ్చునది వ్రాయుటయే. విత్తనములమ్మువాడు ఏ నేలకు ఏ విత్తనము తగునో, ఎప్పుడు చల్లవలెనో వివరముగా వ్రాసినయెడల, రైతులకు బోధించువారు తమంత తామే లింకు నిత్తురు. తనతో వ్యవహారముగల సంస్థలను తన పేరు చేర్చుడని యడుగుట న్యాయమే. తాను ఇతరుల వ్రాతనుండి గ్రహించినచో వారికి లింకు నిచ్చుట ఋణము తీర్చుకొనుట. లింకు మాట దాని గమ్యమును దెలుపవలెను. "ఇచ్చట నొక్కుడు" అనుటకంటె "వేరుసెనగ విత్తు కాలము" అనుట మేలు. పని యితరుల కప్పగించినవాడు, వారు చేయుచున్నదేమో లెక్క యడుగవలెను.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఈ పనినే జీవనోపాధిగా గైకొందురు. నెలలోపల మొదటి స్థానము దెచ్చెదమని మాట యిచ్చి, లింకులు కొనుడని పురికొల్పువారు మీకు తారసపడుదురు. అప్పుడు ఒక్క ప్రశ్న వేసికొనుడు: సెర్చి ఇంజను లేకున్నను నేనీ లింకు నిత్తునా? ఇత్తునని మీ మనస్సాక్షి పలికినయెడల నిర్భయముగా నిండు. లేనియెడల ఎంత సొమ్ము వచ్చినను మానుకొనుడు.