వట్టికోట ఆళ్వారుస్వామి: గ్రంథ ప్రచారం - నవలా దృష్టి

ఉపోద్ఘాతం:

తెలంగాణ తొలితరం నవలాకారులలో వట్టికోట ఆళ్వారుస్వామి (1915-1961) ప్రముఖులు. ఆయన నవలలను తెలంగాణ ప్రజా ఉద్యమ చిత్రణలుగా పరిశీలించడం పరిపాటి. పుస్తకాన్ని అచ్చువేసి, ఇంటింటికీ మోసుకెళ్ళి అమ్మిన అనుభవం ఆయన నవలా దృష్టిని ఎలా ప్రభావితం చేసిందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

జీవితం - జీవిక:

ఆళ్వారుస్వామి నల్లగొండ జిల్లా చెరువు మాదారంలో పేద కుటుంబంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రి మరణించడంతో క్రమబద్ధమైన చదువు సాగలేదు. వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నారు. హోటలులో పనిచేశారు. ఆపై గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి ముప్పైకి పైగా పుస్తకాలను వెలువరించారు. ఉర్దూ రాజభాషగా ఉన్న హైదరాబాదు సంస్థానంలో తెలుగు పుస్తకానికి పాలకుల ఆదరణ లేదు. సభ జరపాలన్నా ప్రభుత్వ అనుమతి కావలసిన రోజులవి. అందువల్ల పాఠకుణ్ణి వెతుక్కుంటూ పుస్తకమే వెళ్ళవలసి వచ్చింది.

నవలా దృష్టి:

'ప్రజల మనిషి' (1955) దిమ్మెగూడెం అనే గ్రామ కథ. దొర రామభూపాలరావు పెత్తనం, వెట్టిచాకిరి, భూముల ఆక్రమణ, మతాంతరీకరణలు ఇందులో ప్రధానాంశాలు. కథానాయకుడు కంఠీరవం దొరను ఒంటరిగా జయించే వీరుడు కాడు; జనంలో కలిసి తిరుగుతూ వారిని కూడగట్టే ఆంధ్రమహాసభ కార్యకర్త. రచయిత అతణ్ణి 'నాయకుడు' అనక 'మనిషి' అనడం గమనార్హం. పుస్తకాల మూటతో గడపగడపకూ తిరిగిన రచయిత అనుభవమే ఈ పాత్రకు ఊపిరి పోసిందని భావించవచ్చు.

ఈ దృష్టి ఆయన కథలలోనూ కనిపిస్తుంది. నిజామాబాదు జైలులో ఆయన, దాశరథి కృష్ణమాచార్య సహఖైదీలు. దాశరథి తన 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చారు. అయితే 'జైలు లోపల' కథలలో ఆళ్వారుస్వామి తన త్యాగాన్ని కాక, సాధారణ ఖైదీల బతుకులను, వారిని నేరస్థులుగా మార్చిన పరిస్థితులను చిత్రించారు.

అసంపూర్ణ ప్రణాళిక:

'ప్రజల మనిషి' ఆంధ్రమహాసభ తొలిదశకు సంబంధించినది. దాని తరువాతి కాలాన్ని చిత్రించిన 'గంగు' పూర్తికాకముందే ఆయన మరణించారు. ఆ నవల 1965లో వెలువడింది. సాయుధ పోరాట కాలాన్ని ప్రత్యక్షంగా ఎరిగిన నవలాకారుని చేతిలో ఆ ఘట్టం నవలగా రూపొందలేదు. ఈ లోటు తెలిసిన దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' నవలలతో ఆ చరిత్ర చిత్రణను కొనసాగించారు.

ఉపసంహారం:

ఆళ్వారుస్వామికి ప్రచురణ, ఉద్యమం, రచన వేర్వేరు వ్యాపకాలు కావు. చదివే ప్రజలను తయారుచేసుకుంటూనే వారి కథను ఆయన రాశారు. కనుక గ్రంథమాల పుస్తకాలను, నవలలను జోడించి పరిశీలించినప్పుడే తెలంగాణ నవల ఏ పాఠకుల కోసం పుట్టిందో స్పష్టమవుతుంది.