పోలీసులను అడుగదగిన రెండు ప్రశ్నలు

అమెరికాదేశమున టెక్సస్ రాష్ట్రమందలి యువాల్డి పట్టణములో 2022వ సంవత్సరము మే 24వ తేదీన ఒక యువకుడు తుపాకితో ప్రాథమిక పాఠశాలలో జొరబడి 19 మంది పిల్లలను, ఇద్దరు ఉపాధ్యాయినులను చంపెను. పోలీసులు కొన్ని నిమిషములలోనే వచ్చిరి. అచ్చట చేరినవారు మొత్తము 376 మంది. అయినను హంతకుని ఎదుర్కొనుటకు 77 నిమిషములు పట్టెను. ఆయుధములుండియు ఆలసించినవారు ఎవరికి జవాబు చెప్పవలెనని తలిదండ్రులు అడిగిరి. ఈ ప్రశ్న మన షాద్‌నగరమునకు క్రొత్తది కాదు. ఇచ్చట దానితోబాటు మరియొక ప్రశ్నయు పుట్టినది.

2019 నవంబరు 27వ తేదీ రాత్రి శంషాబాదు చెంత తొండుపల్లి టోల్‌గేటు కడ ఒక యువ పశువైద్యురాలు అత్యాచారమునకు గురియై హతురాలయ్యెను. మరునాడుదయమున ఆమె దేహము చటాన్‌పల్లి వంతెన క్రింద కాలిన స్థితిలో కానవచ్చెను. 'దిశ' యనునది పోలీసులు తరువాత పెట్టిన పేరు. అట్టి బాధితురాలి అసలు పేరు ప్రకటించుట చట్టవిరుద్ధము. ఆ రాత్రి తాము ఠాణాకు పోగా, అది తమ హద్దులోనిది కాదని వేరొక ఠాణాకు పంపిరని కుటుంబమువారు చెప్పిరి. నవంబరు 30న, కేసు నమోదులో జాప్యము చేసినందుకు ఒక ఎస్.ఐ.ని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండు చేసిరి.

హద్దు మాట చెప్పి త్రిప్పిపంపుటకు వీలులేదని అప్పటికే నియమము కలదు. ఢిల్లీలో 2012 డిసెంబరున జరిగిన ఘోరము పిమ్మట, నేరమెచ్చట జరిగినను ఏ ఠాణావారైనను ఫిర్యాదు వ్రాసికొని, దానికి సున్న సంఖ్య వేసి, తగిన ఠాణాకు పంపవలెనని 2013లో ఏర్పాటు చేసిరి. దీనినే 'జీరో ఎఫ్.ఐ.ఆర్.' అందురు. స్త్రీలపై జరిగిన ఇట్టి ఘోరనేరములలో ఫిర్యాదు వ్రాసికొనని ఉద్యోగికి ఆరు మాసములు మొదలు రెండు సంవత్సరముల వరకు కఠినశిక్షయు ఆ యేటనే విధించిరి. 2024 జూలై 1 నుండి ఈ పద్ధతి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షనులో చేరినది. ఫిర్యాదు చేసినవారికి దాని ప్రతిని ఉచితముగా నీయవలెను. ఇది ప్రతి విద్యార్థియు ఇంటివారికి చెప్పదగిన సంగతి.

ఇక రెండవ ప్రశ్న. నిందితులు నలుగురిని పట్టుకొనగా షాద్‌నగరు ఠాణా ముందు వేలజనము మూగి, వారిని తమకప్పగింపుమని కేకలు వేసిరి. డిసెంబరు 6వ తేదీ వేకువజామున వస్తువులు చూపుటకని చటాన్‌పల్లికి కొనిపోబడిన ఆ నలుగురును పోలీసు కాల్పులలో మరణించిరి. తమ ఆయుధములు లాగికొని కాల్చినందున ఎదురు కాల్చితిమని పోలీసులు చెప్పిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. ఆ ఆగ్రహము సహజమే. కాని విచారణ జరుగనందున, నేరము వారే చేసిరా యనునది ఏ న్యాయస్థానమునను తేలలేదు. మొదటి రాత్రి జరిగిన జాప్యమును గూర్చిన మాటయు ఆ పూలక్రింద మరుగుపడినది. ఆలస్యమునకు జవాబు చెప్పవలసిన శాఖయే తొందరపాటు వలన మెప్పు పొందుట వింత కాదా?

సుప్రీం కోర్టు జస్టిస్ సిర్పూర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యులతో కమిషను నియమించెను. 2022 మేలో వెల్లడియైన దాని నివేదిక పోలీసుల కథనము నమ్మదగినది కాదనియు, చంపు ఉద్దేశముతోనే కాల్చిరనియు, మృతులలో ముగ్గురు పదునెనిమిదేండ్లు నిండనివారనియు తేల్చి, పదిమంది పోలీసులను హత్యానేరముపై విచారింపవలెనని చెప్పెను. సుప్రీం కోర్టు ఆ వ్యవహారమును తెలంగాణ హైకోర్టుకు పంపెను. పోలీసులును, నాటి షాద్‌నగరు తహసీలుదారును దావా వేయగా, 2024 మే నెలలో హైకోర్టు నివేదికపై చర్యలు తీసికొనకుండ నిలుపుదల ఉత్తరువు నిచ్చెను.