మంచు దారిలో లావు టైర్ల సైకిలు

మామూలు సైకిలు టైరు వెడల్పు అంగుళంన్నర ఉంటుంది. కొండదారుల్లో తొక్కే సైకిలుకైతే రెండంగుళాల పైచిలుకు. మంచులో తిరగడానికి తయారైన ఫ్యాట్ బైకు టైరు నాలుగు అంగుళాలు, కొన్నిటికి ఐదు దాకా ఉంటుంది. అమెరికాలోని అలాస్కా, మిన్నెసోటా రాష్ట్రాల్లో నవంబరు నుంచి మార్చి దాకా ఈ సైకిళ్ల మీద ఉద్యోగాలకు వెళ్లేవారు కనిపిస్తారు. అలాస్కాలోని యాంకరేజ్ నగరంలో డిసెంబరు చివర పగలు ఐదున్నర గంటలే. అంటే అక్కడ ఆఫీసుకు వెళ్లడమూ చీకట్లోనే, తిరిగి రావడమూ చీకట్లోనే. ఆ చీకటిలో, సున్నాకు పది పదిహేను డిగ్రీలు దిగువన, కాలిబాట మీద పేరుకున్న మంచులోంచి సైకిలు ముందుకు సాగుతుందంటే అందుకు మొదటి కారణం టైరులోని గాలి.

గాలి ఎక్కువ ఉండటం కాదు, బాగా తక్కువ ఉండటమే ఇక్కడ పనికొచ్చేది. కారు టైరులో 30 నుంచి 35 పీఎస్‌ఐ గాలి కొట్టిస్తారు (పీఎస్‌ఐ అంటే చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్లో చెప్పే ఒత్తిడి కొలత). రోడ్డు సైకిలు టైరులో 80, 100 కూడా ఉంటుంది. మంచులో తొక్కే లావు టైరుకు 5 నుంచి 10 చాలు. మనిషి, సైకిలు, సంచి కలిపి 100 కిలోల బరువు అనుకుందాం. టైర్లలో 60 పీఎస్‌ఐ ఉంటే ఆ బరువు నేలకు ఆనే చోటు రెండు చక్రాలకూ కలిపి సుమారు 24 చదరపు సెంటీమీటర్లు. అంత బరువు అంత చిన్న చోట పడితే మంచు కుంగుతుంది, చక్రం దిగబడుతుంది. గాలిని 8 పీఎస్‌ఐకి తగ్గిస్తే టైరు పరుచుకుని, నేలకు ఆనే చోటు దాదాపు 180 చదరపు సెంటీమీటర్లవుతుంది. మంచు మీద ఒత్తిడి సుమారు ఏడో వంతుకు పడిపోతుంది. టైరు లావుగా ఉండాల్సింది ఇందుకే. సన్న టైరులో ఇంత తక్కువ గాలి పెడితే రిమ్ము నేలకు కొట్టుకుంటుంది.

ఈ సైకిలు ఏ ఒక్క కంపెనీ ఆలోచనగానో పుట్టలేదు. 1987లో అలాస్కాలో కుక్కల బళ్లు నడిచే ఇడిటరాడ్ దారి మీద ఇడిటాబైక్ అనే 200 మైళ్ల పోటీ మొదలైంది. పాల్గొన్నవారు చాలా దూరం సైకిలు దిగి తోసుకుంటూనే నడిచారు. తర్వాతి ఏళ్లలో తలా ఒక ప్రయత్నం చేశారు. కొందరు రెండు రిమ్ములను పక్కపక్కన పెట్టి అతికించారు, రెండు టైర్లను కలిపి కుట్టారు. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో సైకిలు దుకాణం నడిపిన సైమన్ రాకోవర్ 1990ల మొదట్లో 44 మిల్లీమీటర్ల వెడల్పున్న రిమ్ము తయారుచేయించాడు. న్యూ మెక్సికోలో రే మొలీనా ఎడారి ఇసుకలో తిరగడానికి సుమారు 80 మిల్లీమీటర్ల రిమ్ములు, మూడున్నర అంగుళాల టైర్లు చేయించాడు. అలాస్కాకు చెందిన మార్క్ గ్రోన్‌వాల్డ్ అంత వెడల్పు చక్రాలు పట్టే ఫ్రేములు కట్టాడు. ఇసుకకూ మంచుకూ ఒకే మందు పనిచేసిందన్నమాట. 2005లో మిన్నెసోటా కంపెనీ సర్లీ తన పగ్స్‌లీ సైకిలును 65 మిల్లీమీటర్ల రిమ్ములు, 3.7 అంగుళాల టైర్లతో మార్కెట్లోకి తెచ్చింది. అప్పటిదాకా చేతిపనివారి దగ్గరే దొరికిన వస్తువు దుకాణానికి వచ్చింది. పందెగాళ్ల సైకిలు ఉద్యోగుల సైకిలు అయ్యే దారి అక్కడ తెరుచుకుంది.

మంచు అంతా ఒకటే కాదు. ఉద్యోగానికి వెళ్లేవాడు రోజూ చదువుకోవాల్సింది సైకిలు కంటే ముందు మంచునే. రాత్రి కురిసిన పొడి మంచు నాలుగైదు అంగుళాల లోపుంటే లావు టైరు సునాయాసంగా దాటుతుంది. నలుగురూ నడిచి గట్టిపడిన మంచు మీద ప్రయాణం హాయిగా ఉంటుంది, తారు రోడ్డు మీద కంటే నెమ్మది అంతే. అడుగు లోతు తాజా మంచులో ఏ టైరూ పనిచేయదు, దిగి తోయాల్సిందే. అన్నిటికన్నా కష్టమైనది కార్లు తిరిగి తిరిగి నలిపిన, ఉప్పు కలిసిన మంచు. బెల్లం పొడిలా గోధుమరంగులో, ఎంత తొక్కినా గట్టిపడకుండా, ముందు చక్రాన్ని ఎటు పడితే అటు లాగేస్తుంది. గాలి ఇంకొంచెం తగ్గించి, తేలికైన గేరులో, హ్యాండిల్ బిగించి పట్టకుండా నెమ్మదిగా సాగడం తప్ప దానికి వేరే ఉపాయం లేదు.

గడ్డకట్టిన ఐసు సంగతి వేరు. ఇక్కడే చాలామంది పొరబడతారు. నాలుగంగుళాల టైరు ఐసు మీద కూడా నిలబెడుతుందని నమ్మి కొంటారు. నున్నటి ఐసు మీద రబ్బరు ఎంత లావైనా జారుతుంది. దానికి కావలసింది టైరు పైపొరలో దిగేసిన లోహపు మేకులు. టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలున్న ఈ మేకులు ఒక్కో టైరుకు రెండు వందలకు పైగా ఉంటాయి. అలాంటి లావు టైరు ఒక్కటే 200 డాలర్లకు అటూ ఇటూ పలుకుతుంది, అంటే జతకు ఒక మామూలు సైకిలు ఖరీదు. అంత పెట్టలేనివారు ముందు చక్రానికైనా మేకుల టైరు వేసుకోవాలి. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే మనిషి నేల మీదే. ఐసు ఎదురైనప్పుడు బ్రేకు ముట్టుకోకుండా, పక్కకు వాలకుండా, తిన్నగా దాటేయాలి.

చలి టైరులోని గాలినీ వదిలిపెట్టదు. 20 డిగ్రీల వెచ్చటి గదిలో 8 పీఎస్‌ఐ కొట్టిన టైరును మైనస్ 20 డిగ్రీల బయటికి తెస్తే అది కాసేపట్లోనే 5కు దిగిపోతుంది. టైరు చిరగలేదు, ట్యూబు కారలేదు. చల్లబడిన గాలి ఒత్తిడి తగ్గిందంతే. కారు టైరుకు మూడు పీఎస్‌ఐ తేడా పెద్ద లెక్క కాదు గానీ, ఉన్నదే ఎనిమిదైనప్పుడు మూడు పోవడం చాలా ఎక్కువ. అందుకే సైకిలును బయటి చలిలో కాసేపు ఉంచి, అప్పుడు గాలి చూసుకుంటారు. తక్కువ ఒత్తిడిని సరిగ్గా చూపే గేజి కూడా వేరుగా ఉంచుకుంటారు. మామూలు పంపు మీద ఉండే గేజికి 5కూ 8కీ తేడా తెలియదు.

చలికి సైకిలులోని భాగాలూ మొరాయిస్తాయి. బేరింగుల్లోని గ్రీజు చిక్కబడి చక్రాలు బరువుగా తిరుగుతాయి. వెనక చక్రంలో చైను లాగినప్పుడు పట్టుకునే చిన్న పళ్లు గ్రీజులో అతుక్కుపోతే పెడలు ఉత్తినే తిరుగుతుంది, సైకిలు కదలదు. బాగా చలి ప్రాంతాల్లో అక్కడ పలుచటి గ్రీజు వాడతారు. బ్రేకుల్లో మినరల్ ఆయిల్ ఉంటే అది కూడా చిక్కబడుతుంది కనుక ఫెయిర్‌బ్యాంక్స్ లాంటి చోట్ల కేబులుతో పనిచేసే డిస్క్ బ్రేకులకే మొగ్గు చూపేవారున్నారు. విద్యుత్ సైకిలుకు ఇంకో చిక్కు ఉంది. లిథియం బ్యాటరీ చలిలో తక్కువ దూరమే తీసుకెళ్తుంది, సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జింగ్ పెడితే పాడవుతుంది. దాన్ని ఊడదీసి ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాకే చార్జింగ్ పెట్టాలి. ఇక రోడ్డు మీద చల్లే ఉప్పు చైనును కొద్ది వారాల్లోనే తుప్పు పట్టిస్తుంది. రోజూ సాయంత్రం తుడిచి నూనె వేసే ఓపిక లేనివారికి ఈ ప్రయాణం ఖర్చుతో కూడిన పనే అవుతుంది.

మనిషి విషయానికొస్తే, చలి కన్నా చెమట ప్రమాదం. లావు టైర్ల సైకిలు 14 నుంచి 17 కిలోల బరువుంటుంది, మంచులో దాన్ని తొక్కడానికి బలం బాగా ఖర్చవుతుంది, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. నూలు బనియను చెమట పీల్చి తడిసి ఒంటికి అతుక్కుంటుంది, ఎక్కడైనా ఆగితే ఆ తడే వణికిస్తుంది. మిన్నెసోటాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో తెలుగువారు చాలామంది ఉన్నారు. వెచ్చటి ఊళ్లలో నూలుబట్ట సుఖానికి అలవాటుపడి కొత్తగా వెళ్లినవారు ముందుగా మార్చుకోవాల్సింది ఈ లోపలి బట్టనే. ఒంటికి తగిలే పొర ఉన్నిది గానీ, చెమట పీల్చని కృత్రిమ దారంతో నేసినది గానీ ఉండాలి, పైపొర గాలిని ఆపాలి. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు కాస్త చలి వేయాలి. అప్పుడే వెచ్చగా ఉంటే పది నిమిషాల్లో చెమట పట్టడం ఖాయం.

వేళ్లు, ముఖం మాత్రం వేరు. మైనస్ 15 డిగ్రీల్లో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే తగిలే గాలికి చర్మానికి మైనస్ 24 డిగ్రీల చలి అనిపిస్తుంది. హ్యాండిల్‌కే బిగించే పెద్ద తొడుగుల్లోకి చేతులు దూర్చితే పలుచటి గ్లవ్స్‌తోనే బ్రేకులు, గేర్లు వాడొచ్చు. మందపాటి గ్లవ్స్ కన్నా ఇవే మేలు. లోహపు క్లిప్పులున్న బూట్లు అరికాలి వేడిని లాగేస్తాయి కనుక వెడల్పాటి మామూలు పెడళ్లు, వదులుగా ఉన్న చలికాలపు బూట్లు మంచివి. బూటు బిగుతైతే రక్తం ఆడదు, మేజోళ్లు ఎన్ని తొడిగినా లాభం ఉండదు. ముందూ వెనకా దీపాలు తప్పనిసరి. యాంకరేజ్‌లో కార్లతో పాటు దుప్పులనూ చూసుకోవాలి. మూస్ అనే ఆ భారీ దుప్పులు నడక కష్టమైన లోతు మంచును వదిలి, మనుషులు తొక్కి గట్టిపరచిన దారుల మీదికే వస్తాయి. అవి కదిలే దాకా దూరంగా ఆగడమే దారి.

ఇంత సరంజామా ఉన్నా ప్రయాణం సాగేదీ ఆగేదీ చివరికి తేల్చేది నగరపాలన. వేసవిలో అరగంట పట్టే దారికి గట్టి మంచులో ముప్పావు గంట, కొత్త మంచులో గంట దాటినా ఆశ్చర్యం లేదు. మినియాపొలిస్‌లో పాత రైలు మార్గంలో వేసిన మిడ్‌టౌన్ గ్రీన్‌వే అనే తొమ్మిది కిలోమీటర్ల దారి మీద చలికాలమంతా మంచు తీస్తారు. అక్కడ మామూలు సైకిళ్లు కూడా తిరుగుతాయి. అలా తీయని చోట రోడ్డు మీది మంచును తీసే బండి దాన్ని పక్కకు నెట్టి, సరిగ్గా సైకిలు దారి మీదే గుట్ట పోస్తుంది. లావు టైరు అవసరం పడేది అక్కడే.

అంతా నగరపాలన చేతిలోనే ఉందనడానికి అసలైన సాక్ష్యం ఫిన్లాండ్‌లోని ఊలు నగరం. ఉత్తర ధ్రువ వలయానికి రెండు వందల కిలోమీటర్ల లోపు దూరంలో, సుమారు రెండు లక్షల జనాభాతో ఉన్న ఈ ఊళ్లో చలికాలంలోనూ బడిపిల్లలు, ముసలివాళ్లు సైకిళ్ల మీద తిరుగుతారు. వాటిలో ఎక్కువ మామూలు సైకిళ్లే. అక్కడ సైకిలు దారుల నిడివి వందల కిలోమీటర్లు. వాటి మీద ఉప్పు చల్లి మంచును బురద చేయరు. మంచును అణిచి, గట్టి పొరగా చదునుచేసి ఉంచుతారు, జనం ఉద్యోగాలకు బయల్దేరే వేళకే ముఖ్యమైన దారులు శుభ్రం చేస్తారు. 2013లో తొలి శీతాకాల సైక్లింగ్ మహాసభ జరిగింది కూడా ఈ ఊళ్లోనే.

లావు టైర్ల సైకిళ్లు కొన్నేళ్లుగా హైదరాబాద్, విజయవాడ వీధుల్లోనూ పిల్లల చేతుల్లో కనిపిస్తున్నాయి. తారు రోడ్డు మీద ఆ టైరుతో లాభం లేదు, బరువూ రాపిడీ మాత్రం పెరుగుతాయి. మంచు దేశంలో ఉంటూ కొనాలనుకునేవారు ముందు తాము వెళ్లే దారిలో మంచు ఎవరు తీస్తారో, ఎన్నింటికి తీస్తారో తెలుసుకోవాలి. రోజూ తీసే దారైతే మామూలు సైకిలు, మేకుల టైర్లు చాలు. తీయని దారైతే నాలుగంగుళాల టైరు, 8 పీఎస్‌ఐ గాలి, నెమ్మదిగా వెళ్లే ఓపిక కావాలి.