సంఘం అప్పు వస్తే ఇంట్ల కొట్లాట తగ్గుతదా?



మా తండాలో రెండు తీర్ల అప్పులున్నవి. షావుకారి అప్పు బా పేరున ఉంటది, సంఘం అప్పు యాడి పేరున ఉంటది. (యాడి అంటే మా మాటలో అమ్మ.) ఏ అప్పుకైనా దెబ్బలు తినేది యాడినే. ఎందుకో రాస్తున్నాను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించినారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా బందయింది. సారాకు పోయే పైసలే రోజుకు రూపాయి లెక్కన పొదుపు చేసినారు. 1995లో ఐక్యరాజ్య సమితి వాళ్ల పేదరిక నిర్మూలన పథకం మన మహబూబ్‌నగర్ జిల్లాకు కూడా వచ్చి సంఘాలు పెట్టించింది. సంఘం అప్పుకు భూమి కాగితం అడగరు. ఒకరికొకరు జామీను.

దీనివల్ల మేలున్నది. మ్యాకలు కొనుక్కున్న యాడి ఉప్పుకు, నూనెకు చెయ్యి చాపది. ఇంకొకటి, ఆమె మీటింగుకు రాకపోతే పదిమంది ఇంటికొచ్చి ఏమైందని అడుగుతరు. దెబ్బలు తలుపు వెనక దాగవు. నాకైతే అప్పు కన్న ఇదే పెద్దదనిపిస్తది.

కాని అప్పు ఆమె పేరున, పైసలు ఆయన జేబుల ఉంటే? ఇయ్యనంటే ఆయన కొడ్తడు. ఇస్తే కిస్తీ నాడు సంఘం వాళ్లు తిడ్తరు. ప్రైవేటు కంపెనీల వారం వారం కిస్తీలతో మరీ కష్టమైంది. చావులు కూడా అయినవి. అందుకే 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఇంటి మీదికి పోయి సతాయించొద్దన్నది.

దక్షిణాఫ్రికాలో లింపోపో అనే చోట ఆడవాళ్లకు అప్పుతో పాటు మీటింగులో ఆరోగ్యం, ఆడ మగ తేడాల గురించి పాఠాలు చెప్పినారు. రెండేండ్లలో మొగుళ్ల హింస సగానికి పైగా తగ్గిందని 2006లో లెక్క తేలింది. పాఠం అంటే పుస్తకం పాఠం కాదు, నలుగురు కూర్చొని నోరు విప్పి మాట్లాడుకునుడు.

గృహహింస చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబర్ 26 నుంచి అమలైంది. దాని ప్రకారం కొట్టుడే కాదు, ఆమె సంపాదన గుంజుకునుడు కూడా హింసే. ఈ సంగతి మా తండాలో మగవాళ్లకు చెప్తే నవ్వినారు. ఆడవాళ్లు నవ్వలేదు, మళ్లొకసారి చెప్పమన్నారు.

181కు ఫోన్ చేస్తే పైసలు పడవు. సెలవులకు పోయినప్పుడు మీ ఊరి సంఘం అప్పు ఎవరి చేతికి పోతున్నదో అడిగి, చీటీ రాసి ఈ బోర్డు కింద డబ్బాలో వేయండి. పేర్లు రాయకండి.

– 9వ తరగతి విద్యార్థిని