మైకు ఎవరి వరసదాకా వస్తుంది?

మా అల్లవరం పేటలో ఏప్రిల్ 14 సభ జరిగితే ముసలమ్మ కూడా మధ్యలో లేచి "ఆగు బాబూ, మాకు తెలిసేలా చెప్పు" అంటుంది. యూనివర్సిటీ ఉపన్యాసంలో అలా కుదరదు. ఒకరు చెబుతారు, తక్కినవాళ్ళు వింటారు, ప్రశ్నలకి చివర కాసేపు మిగిలితే గొప్ప.

సెమినార్ వేరు. అక్కడ విద్యార్థే పత్రం చదవొచ్చు. 1916 మే 9న కొలంబియాలో, గోల్డెన్‌వైజర్ సెమినార్లో, అంబేద్కర్ కులాల పుట్టుక మీద పత్రం చదివింది విద్యార్థిగానే. అప్పటికి పాతికేళ్ళవాడు.

ఉపన్యాసానికి పిలిచేవాళ్ళుంటారు. పిలుపు వెనక్కి తీసుకునేదీ వాళ్ళే. 1936లో లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ ఆయన్ని అధ్యక్షుడిగా పిలిచింది, రాసిన ప్రసంగం చూసి బెదిరింది. ఆయన మార్చనన్నాడు, సభ ఆగింది. ఆ ప్రసంగాన్నే సొంత ఖర్చుతో అచ్చేశాడు. అదే 'కులనిర్మూలన'. (పిలిచింది సంస్కర్తలేనండోయ్!)

ఇప్పుడు మనవాళ్ళని పిలుస్తున్నారు, కాదనను. కానీ ఎక్కువగా జయంతికీ, వర్ధంతికీ. 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం తెచ్చిన మనిషి వారసుల్ని ఆర్థికశాస్త్రం మీద మాట్లాడమని ఎందుకు పిలవరు? ఈ ప్రశ్న హాల్లోనే అడగాలి, తెలుగులోనే అడగాలి. రెండు వాక్యాలు ముందే కాగితం మీద రాసుకోండి. నేను మొదటిసారి చెయ్యెత్తినప్పుడు మైకు మా వరసదాకా రాలేదు. గొంతు పెంచి అడిగాను.